కెలికిన చెయ్యి

మళ్ళీ ఆగిపోయింది. కళ్ళ ముందే తెర నల్లబడింది, డబ్బాలో ఫ్యాన్లు ఒక్కసారి పెద్దగా అరిచి ఊరుకున్నాయి, ఒక బీప్, ఆ తర్వాత తెల్లటి అక్షరాలు. ఓవర్‌క్లాకింగ్ ఫెయిల్డ్. సెటప్‌లోకి వెళ్ళాలంటే ఎఫ్‌వన్ నొక్కమంటోంది. ఫెయిల్డ్ అట. నువ్వూ మొదలెట్టావా తల్లీ, ఈ ఇంట్లో ఆ మాట తెలుగులో అనేవాళ్ళు చాలడం లేదని నువ్వు ఇంగ్లీషులో అంటున్నావా? మోపిదేవి గుడికి వెళ్ళే మావాళ్ళని గుమ్మం దాటించి, వచ్చి కూర్చుని మొదలుపెట్టిన పెళ్ళి వీడియో ఇది. ముప్పావు వంతు తయారయింది. బార్ చివరికి వస్తోంది, ఇంకాస్త, ఇంకాస్త అని నేను కుర్చీ అంచున కూర్చుని చూస్తుంటే పుటుక్కున పోయింది. ఇది మధ్యలో ఆగితే ఆగిన చోటి నుంచి అందుకోదు, మళ్ళీ మొదటి నుంచే. ఈ సాయంత్రం బందరులో వలీమా, పెళ్ళికొడుకు వాళ్ళిచ్చే విందు. పెళ్ళికూతురు పేరు నాజ్నీన్. ఆ పిల్లని నేనెప్పుడూ చూడలేదు కానీ వారం రోజులుగా నా మొహం కన్నా ఆ పిల్ల మొహమే నాకెక్కువ తెలుసు. విందులో పెద్ద తెర మీద ఈ వీడియో వెయ్యాలి. నాలుగింటికల్లా ఫైలు పంపాలి. పంపకపోతే ఏమవుతుందో దానియేలు గారు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశారు. గుడివాడలో ఆయన స్టూడియోలోనే నేను పెళ్ళికి ముందు వీడియో మిక్సింగ్ నేర్చుకున్నాను. పెళ్ళయి ఈ చెరువు గట్టు మీద ఇంటికి వచ్చాక కూడా నన్ను నమ్మి పని పంపిస్తున్నది ఆయనొక్కడే. "అమ్మా వీరలక్ష్మీ, ఇప్పటికి మూడుసార్లయింది. ఇది కూడా టైముకి రాకపోతే ఇంక బెజవాడ వాళ్ళకే ఇచ్చేసుకుంటాను. నన్నేమీ అనుకోకమ్మా," అన్నారు. కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. నేనేమన్నాను? "పొరపాటు నాదేనండీ, ఈసారి ఆగదండీ," అన్నాను.

ఎఫ్‌వన్ నొక్కాను. కంప్యూటర్ లోపలి సెట్టింగులుండే బయాస్ పేజీ వచ్చింది. మొదట్లో ఈ పేజీ అంటే నాకెంత భయమో! విండోస్ ఇంకా నిద్ర లేవకముందే డిలీట్ నొక్కి లోపలికి వెళ్ళాలి. లోపల బొమ్మల్లేవు, అన్నీ అంకెలు. ప్రాసెసర్‌ని కంపెనీవాడు ఒక స్పీడుకి కట్టి పంపిస్తాడు. అది అంతకన్నా పరిగెత్తగలదు, కానీ ఎందుకొచ్చిన గొడవలే అని కాస్త వెనక్కి పట్టి ఉంచుతాడు. ఆ పట్టు మనం వదలాలి, ఓవర్‌క్లాకింగ్ అంటే అదే. మల్టిప్లయర్ అనే అంకెని ఒక మెట్టు పెంచాలి, తడబడితే వోల్టేజ్ పిసరంత ఎక్కువివ్వాలి, మరీ ఎక్కువిస్తే వేడెక్కి చస్తుంది, అందుకని వేడి చూసుకుంటూ ఉండాలి. ఒక మెట్టు ఎక్కించి ఒక పూటంతా పరీక్ష పెట్టి, నిలబడితేనే ఇంకో మెట్టు. తొందరపడితే మొత్తం బోర్డే పోతుంది. డ్రోన్లు వచ్చాక పెళ్ళి ఫైళ్ళు కొండల్లా పెరిగిపోయాయి, ఈ ముసలి కంప్యూటర్ మోయలేకపోతోంది, కొత్తది కొనే ఊసే ఈ ఇంట్లో లేదు, సరే ఉన్నదాన్నే పరిగెత్తిద్దామనుకున్నాను. మధ్యాహ్నాలు అత్తయ్య కునుకు తీసినప్పుడు ఫోన్‌లో ఎవరెవరో కుర్రాళ్ళ వీడియోలు, ఇంగ్లీషువి, హిందీవి, సగం అర్థమై సగం అర్థంకాక, ఆపి ఆపి చూసి నేర్చుకున్నాను. మొదటిసారి ఎఫ్‌టెన్ నొక్కి సేవ్ చేసినప్పుడు ఊపిరి బిగపట్టుకున్నాను. తెర వెలిగింది. నేను లేచి గదిలోనే ఒక చుట్టు తిరిగాను. అంత సంతోషం ఎవరికైనా చెప్పుకోకపోతే ఎలా, మా ఆయన శ్యాంబాబు అన్నానికొస్తే చెప్పాను. "కెలికావన్నమాట," అన్నాడు.

అన్నాడు. పైకి మీరు అంటాను, ఇవాళ మనసులో మాత్రం ఆ మీరు రావడం లేదు, ఏం చెయ్యను. కెలకడం. ఈ ఇంట్లో ఆ మాట నా కోసమే ఉంది. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మోటారు చూస్తున్నట్టు, నేను పట్టుకుంటే కెలుకుతున్నట్టు. కొత్త మోటారు విప్పి వైండింగ్ కాల్చేశాడు పోయినేడు, అప్పుడేమన్నారు, కంపెనీ సరుకే బాగాలేదన్నారు. నా కంప్యూటర్ మొదటిసారి ఆగినప్పుడు? "చెప్తే విన్నావా, కెలికి కెలికి పెట్టావు," అని ఆయన, "ఆడదానికెందుకమ్మా ఆ తీగల్లో చెయ్యి," అని అత్తయ్య. నేను తల దించుకున్నాను. దించుకోవడమే కాదు, లోపలికి వెళ్ళి బయాస్ తెరిచి స్పీడు ఒక మెట్టు దించాను. రెండోసారి ఆగితే ఇంకో మెట్టు. మూడోసారి ఇంకొకటి. వాళ్ళు అన్న ప్రతిసారీ నేనో మెట్టు దిగాను. తలుచుకుంటే ఇప్పుడు వాళ్ళ మీద కన్నా నా మీదే ఎక్కువ మండుతోంది. ఇవాళ పొద్దున కారెక్కుతూ కూడా అత్తయ్య అననే అంది, "సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం కన్నా ఆ డబ్బా ఎక్కువైపోయిందా అమ్మాయ్," అని. ఎక్కువేనండీ, ఇవాళ్టికి ఎక్కువే అని నోటిదాకా వచ్చింది. పులిహోర డబ్బా మూత బిగించి చేతికిచ్చాను. మా నాన్న రత్తయ్యది నాగాయలంక, సముద్రం మీద వేట. పడవ ఇంజన్ మొరాయిస్తే చెవి చెక్కకి ఆనించి వినేవాడు, నన్నూ విననిచ్చేవాడు. "ఎక్కడ నొక్కుతోందే?" అని అడిగేవాడు నన్ను, పదేళ్ళదాన్ని. నేను తప్పు చెప్పినా చేతిలో పానా పెట్టేవాడు, విప్పి చూడు అనేవాడు. ముందు విను, తర్వాత విప్పు. ఆ ఇంట్లో నేను ఇంజన్ ముట్టుకుంటే దానికేదో అయిపోతుందని ఎవరూ అనలేదు. ఆయిల్ చేతులతో అన్నానికి కూర్చుంటే అమ్మ తిట్టేది, అంతే.

ఇప్పుడేం చెయ్యాలి? కంపెనీ స్పీడుకి దించేస్తే ఆగదేమో, కానీ దీపాలు పెట్టే వేళకి కూడా తయారవదు. ఇప్పుడున్న స్పీడుకే మళ్ళీ పెడితే నాలుగు దాటిపోతుంది, పైగా మళ్ళీ ఆగదన్న నమ్మకమేముంది. నేను మొదట ఎక్కించిన స్పీడుంటే అందేది. ఆ స్పీడులో పరీక్ష పెడితే రెండు రోజులు పగలంతా నిలబడింది, వేడి కూడా ఎక్కలేదు. నిలబడిందా లేదా? నిలబడింది. మరి తర్వాత ఎందుకు ఆగుతోంది? దించినా ఎందుకు ఆగుతోంది? దించితే ఆగకూడదు కదా. అది తప్పయితే దించినప్పుడు సర్దుకోవాలి కదా. ఈ ప్రశ్న మూడుసార్లూ నేనెందుకు వేసుకోలేదు? కెలికావు అనగానే అవును కెలికాను అని ఒప్పేసుకున్నాను, ఇంక ఆలోచించడం మానేశాను. ఆలోచించు. మొదటిసారి ఎప్పుడు ఆగింది? వడియాల రోజు. అత్తయ్య డాబా మీద గుమ్మడికాయ వడియాలు పెట్టింది, మబ్బు కమ్ముకొచ్చింది, చాపలు లోపలికి లాగండర్రా అని కేకలు, నేను పరిగెత్తి లాగి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. రెండోసారి? నాన్న ఫోన్ చేసిన రోజు, తుపానన్నారమ్మా, వేటకి పోనివ్వలేదు, ఊరికే కూర్చున్నాను, నువ్వేం చేస్తున్నావు అని అడిగితే కంప్యూటర్ ఆగిపోయింది నాన్నా అని ఏడ్చాను. మూడోసారి, బట్టలు ఆరక తడి చీరే కట్టుకున్న రోజు. వడియాలు, తుపాను, తడి చీర. కిటికీలోంచి చూశాను. ముదినేపల్లి వైపు ఆకాశం బూడిద రంగులో ఉంది. పొద్దున కారు బయల్దేరినప్పుడు ఎండ చురచురలాడింది. ఇప్పుడు మబ్బు. మబ్బు పడితే కంప్యూటర్‌కేం, అదేమైనా వడియమా?

అప్పుడు చప్పుడు వినిపించింది. పొద్దుటి నుంచీ లేదు, ఇప్పుడుంది. చెరువులో ఏరియేటర్లు. రెక్కలు తిరిగి నీళ్ళు చిలుకుతుంటే జోరున వాన పడుతున్నట్టుంటుంది. మామూలుగా అవి రాత్రుళ్ళు వేస్తారు. పగలు ఎండ ఉంటే నీళ్ళలో పచ్చదనమే గాలి ఇస్తుంది, ఏరియేటర్ అక్కర్లేదు. మబ్బు పట్టిందా, చేపకి ఊపిరాడదు, నోరు తెరుచుకుని పైకొస్తుంది, ఇంక పట్టపగలే ఏరియేటర్లు వెయ్యాల్సిందే. మాదొక్కటేనా, ఈ చుట్టుపక్కల ఎన్ని చెరువులుంటే అన్నీ, ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండా, మబ్బు చూడగానే అందరూ ఒక్కసారే స్విచ్ వేస్తారు. అందరిదీ ఒకటే లైను. మాదైతే మరీ అన్యాయం, ఇంటి కరెంటు కూడా చెరువు షెడ్డు నుంచే లాగాడు ఈయన. తలెత్తాను. తల మీద ఫ్యాను మూలుగుతూ తిరుగుతోంది, రెక్కలు లెక్కపెట్టచ్చు. మబ్బు రోజు చల్లగానే ఉంటుంది కదా, ఫ్యాను ఎంత నెమ్మదిస్తే ఎవరికి కావాలి? ఈ కొత్త బల్బులేమో ఎంత తక్కువ కరెంటొచ్చినా మసకబారవు. నాకెలా తెలుస్తుంది? బయాస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ అని ఒక పేజీ ఉంది, వేడి చూడ్డానికే వెళ్తాను అక్కడికి, కింద వరస ఎప్పుడూ చదవలేదు. లోపలికి పన్నెండు వోల్టులు రావాలి. పదకొండున్నర ఉంది. చూస్తుండగానే బయట ఇంకో ఏరియేటర్ అందుకుంది, అంకె ఇంకొంచెం కిందికి జారింది. ఎక్కడ నొక్కుతోందో దొరికింది నాన్నా. తప్పు నేను ఎక్కించిన మెట్టులో లేదు. పరిగెత్తేదానికి తిండి లేక కూలబడుతోంది, అంతే. నేను పరీక్ష పెట్టిన రెండు రోజులూ ఎండ రోజులు, రాత్రుళ్ళు నేను కంప్యూటర్ వెయ్యను.

తప్పు నాది కాదు. ఈ మాట పైకే అన్నాను, ఖాళీ ఇంట్లో. అని, వెంటనే ఇంకోటి గుర్తొచ్చి ఒళ్ళు భగ్గుమంది. స్టెబిలైజర్. నాకు స్టెబిలైజర్ ఉండేది! కరెంటు తగ్గినా పెరిగినా సర్ది పంపించే బరువైన డబ్బా. పెళ్ళికి దానియేలు గారు ఇచ్చిన కానుక అదే. అందరూ చీరలూ గిన్నెలూ ఇస్తే ఆయన స్టెబిలైజర్ ఇచ్చారు, "చెరువుల దగ్గర కరెంటు బాగోదమ్మా, పని మానకు," అన్నారు. పని మానకు అని ఇచ్చారు. అది ఈ బల్ల కిందే ఉండేది. ఎండాకాలంలో షెడ్డులో మేత బస్తాలు పోతున్నాయని ఫోన్‌లో చూసుకోవడానికి కెమెరాలు పెట్టించి, వాటికోసం పట్టుకుపోయాడు ఈయన. అడగలేదు. నేను చూసి అడిగితే, "నీకు యూపీఎస్ ఉందిగా, కెమెరా సున్నితం," అన్నాడు. యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చి ఎన్నాళ్ళయిందో ఆయనకి తెలుసు, ఉయ్యూరులో మార్పిస్తానని ఆయనే అన్నాడు. కెమెరా సున్నితం. నా కంప్యూటర్ మొద్దు, నేనూ మొద్దే. నా కానుక పట్టుకుపోయి, నా లైను చెరువుకి కట్టి, ఆ తర్వాత ఆగిపోతే కెలికావు అన్నాడు, మూడుసార్లు అన్నాడు, నేను మూడుసార్లు తల దించుకున్నాను, దానియేలు గారికి సారీ చెప్పాను, నాన్న దగ్గర ఏడ్చాను. అందరి తప్పూ నేనే మోశాను. కుర్చీ వెనక్కి తోసి లేచాను. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు.

గట్టు మీద గాలి తడిగా ఉంది. రెండు పక్కలా చెరువులే, ఎక్కడ చూసినా నురగే. షెడ్డు ముందు మా కాపలా అప్పయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి హడావుడిగా, "మబ్బట్టేసిందమ్మగోరూ, చేపంతా పైకి తేలిపోయింది. అన్నీ ఏసేశాను. అయ్యగోరు ఫోన్లో ఏసెయ్యమన్నారు," అన్నాడు. షెడ్డు గోడకి వరసగా స్టార్టర్లు, ఒక్కోదానికి ఒక పచ్చ బటన్, ఒక ఎర్ర బటన్. ఎర్రవి నొక్కేస్తే చాలు. అన్నీ ఆగుతాయి, ఫ్యాను గిరగిరా తిరుగుతుంది, నా వీడియో నాలుగింటికల్లా వెళ్తుంది, మోపిదేవి నుంచి వచ్చి చూసుకుంటాడు ఈయన, చచ్చిన చేప తెల్లగా తేలడం. నిజంగా అనుకున్నాను. నా చెయ్యి ఎర్ర బటన్ దగ్గరికి వెళ్ళింది కూడా. అప్పుడు నీళ్ళ వైపు చూశాను. గట్టు వారన బొచ్చె చేపలు గుండ్రటి నోళ్ళు పైకి పెట్టి గాలి మింగుతున్నాయి, వందల నోళ్ళు, ఒక్క చప్పుడు లేదు. వాటికేం తెలుసు? వాటికి ఊపిరి కావాలి, నాకూ అదే కావాలి. ఒకరి గొంతు నొక్కి ఇంకొకరు బతకాలని ఎవరు పెట్టారు ఈ ఏర్పాటు? చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "అవి ఉంచు అప్పయ్యా, ఒక్కటి కూడా ఆపకు," అని లోపలికి వెళ్ళాను.

మేత బస్తాల వెనక, చెక్క బల్ల మీద నా స్టెబిలైజర్. పైన దుమ్ము, ఒక ఎండిన పూలదండ. దసరాకి దీనికి కూడా బొట్టు పెట్టి దండ వేశారు, నా కంప్యూటర్‌కి పెట్టలేదు. దానికి తగిలించిన కెమెరా పెట్టె ఎంతుంది, అరచేయంత. ప్లగ్గు పీకబోతూ అలవాటుగా అడాప్టర్ తిప్పి చూశాను. చిన్న అక్షరాలు. వంద నుంచి రెండువందల నలభై వోల్టుల వరకూ ఎంతొచ్చినా పనిచేస్తుందట. అంటే దీనికి స్టెబిలైజర్ అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేదు. ఎవరూ తిప్పి చదవలేదు, అంతే. నవ్వొచ్చింది, అది నవ్వు కాదు. ప్లగ్గు పీకేశాను. దండ తీసి బస్తా మీద పెట్టాను. కెమెరా తీగని తిన్నగా గోడ బోర్డుకి గుచ్చి, స్టెబిలైజర్ ఎత్తి చంకన పెట్టుకున్నాను. "నేను తెస్తానుండండమ్మగోరూ," అని అప్పయ్య వచ్చాడు. "వద్దు," అన్నాను. బరువు పక్కటెముకలకి ఒత్తుకుంటోంది, బాగానే ఉంది ఒత్తుకోవడం. గట్టు సగం కూడా దాటలేదు, నడుముకి దోపుకున్న ఫోన్ మోగింది. తీయలేదు. ఆగి మళ్ళీ మోగింది. మూడోసారి కూడా మోగింది. అబ్బో, మోపిదేవిలో ఎంత కంగారో.

ఇంటికొచ్చి బల్ల కింద దాని పాత చోటులోనే పెట్టాను. నేల మీద దాని కాళ్ళ మచ్చలు ఇంకా అలాగే ఉన్నాయి. తీగ తగిలించాను, లోపల టక్కుమని రిలే పడింది. కంప్యూటర్ వేసి, డిలీట్ నొక్కి, ఆ వోల్టుల పేజీకి వెళ్ళాను. పన్నెండు. బయట ఏరియేటర్లన్నీ హోరెత్తుతున్నాయి, అంకె కదల్లేదు. కాసేపు అలా చూస్తూనే ఉన్నాను. తర్వాత మల్టిప్లయర్ దగ్గరికి వెళ్ళి వడియాల రోజు దిగిన మెట్టు ఎక్కించాను. తుపాను రోజుది ఎక్కించాను. తడి చీర రోజుది ఎక్కించాను. ఎఫ్‌టెన్. ఈసారి ఊపిరి బిగపట్టలేదు. విండోస్ వచ్చింది, ఫైలు తెరిచాను, నాజ్నీన్ పెళ్ళి మళ్ళీ మొదటి నుంచి మొదలైంది, బార్ పచ్చగా బయల్దేరింది. పోయినసారి కన్నా చురుగ్గా వెళ్తోంది, కంటికే తెలుస్తోంది. పక్కన చిన్న కిటికీలో బొమ్మలు పరిగెడుతున్నాయి, పెళ్ళికూతురి నానమ్మ నాగూర్ బీ కెమెరావాడిని చూసి నన్ను తియ్యకురా అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, దాని చాటునే నవ్వేస్తుంది, ఆ ముక్క తీసెయ్యమని స్టూడియోలో అంటే నేను ఉంచాను. దించిన స్పీడుకి ఈ ముక్క వచ్చేదాకా కూర్చుంటే మెడ నొప్పెట్టేది.

ఫోన్ మళ్ళీ మోగింది. బార్ సగం దాటాక తీశాను. వెనక గుడి గంటలు, జనం, ఎవరిదో పసిపిల్ల ఏడుపు. "ఎక్కడ చచ్చావే, ఎన్నిసార్లు చెయ్యాలి! ఇందాక షెడ్డులో కెమెరా ఆగింది. ఒక్క నిమిషం మొత్తం నలుపు. వచ్చిందిలే కానీ, ఎవడో చెయ్యి పెట్టి కెలికాడు, అప్పయ్యని అడుగు," అన్నాడు. ఒక్క నిమిషం. ఒక్క నిమిషం నల్లబడితే ఇన్ని ఫోన్లు.

"ఎవడో కాదండీ. నేనే," అన్నాను.

"నువ్వా? నువ్వెందుకు కెలికావే?"

"నా స్టెబిలైజర్ నేను తెచ్చుకున్నాను. మీ కెమెరాకి అది అక్కర్లేదు, అడాప్టర్ మీద రాసే ఉంది, వచ్చి చదువుకోండి. నా కంప్యూటర్ ఇన్నిసార్లు ఆగింది కరెంటు చాలక. నేను కెలికి కాదు."

"సర్లే, ఇప్పుడేంటి, మేమొచ్చేదాకా..."

"మీరొచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. మీరొచ్చాక కూడా ఇక్కడే ఉంటుంది."

ఏమంటోందిరా అని అత్తయ్య గొంతు దూరంగా అడిగింది. ఏం చెప్పాడో వినకుండా పెట్టేశాను. బయట ఇంకా మబ్బుగానే ఉంది, చెరువుల్లో నీళ్ళు హోరుమంటున్నాయి, ఫ్యాను మూలుగుతూ తిరుగుతోంది. తెర మీద పచ్చ బార్ ఇందాక ఆగిన చోటుకి వచ్చింది. కళ్ళు మూసుకోలేదు, చూస్తూనే కూర్చున్నాను. దాటింది.